పెళ్లి బస్సుకు ఉబ్బిన రేకు

గుడివాడ ఇస్సాకు గారి ఏర్పాటులో లోపమేమీ లేదు. పొద్దున్నే ప్రార్థన చేసుకుని, పెళ్లికూతురు రత్నకుమారితో సహా బంధువులందరినీ పూర్ణచంద్రరావు గారి కొత్త బస్సెక్కించి, బందరు చర్చికి చేర్చాలి. పది దాటితే పాస్టరు గారు చల్లపల్లిలో ఇంకో పెళ్లికి వెళ్లిపోతారు. మళ్లీ ఆయన దొరికేనాటికి పెళ్లికొడుకు సెలవు అయిపోతుంది. అతను మళ్లీ సెలవు పెట్టాలంటే ఏడాది ఆగాలి.

లోపమల్లా బస్సులో ఉంది. ఎడమవైపు కిటికీల కింద బిగించిన రేకు నడుమ ఉబ్బింది. ఆ పలచటి రేకు మిల్లులో రోలర్ల మధ్య నలిగినప్పుడే అంచులకంటే నడుమ ఎక్కువ సాగిందట. చుట్టూ మేకులు కొట్టేసరికి ఆ ఎక్కువైన మేర ఎటూ పోలేక లోపలివైపు బొజ్జ పెట్టింది. రేకుల పని చేసే కొండయ్య వారం రోజులు ఆ బొజ్జనే సుత్తితో వాయించాడు. వాయించినకొద్దీ అక్కడే ఇంకా సాగి బొజ్జ పెరిగింది. ఒత్తితే ధబ్బుమని బయటికి పోతుంది, వదిలితే ధబ్బుమని లోపలికి వస్తుంది. "రంగేస్తే కనబడదండీ" అని అతను ఓనరుకు ధైర్యం చెప్పాడు. నిజంగానే కనబడలేదు. వినబడుతుందన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

డ్రైవరు అబ్రహాము యుద్ధంలో మిలిటరీ లారీ నడిపి వచ్చిన మనిషి. ప్యాసింజర్లు ఎవరి గుమ్మం ముందు వాళ్లు ఆపమంటారు కనుక అరుపులు పట్టించుకోవడం ఎప్పుడో మానేశాడు. కండక్టరు బస్సు రేకు మీద ఒక దెబ్బ కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి, మూడు కొడితే వెనక్కి నడపాలి. అంతకుమించి లోకంలో ఎవరి మాటా ఆయన చెవికెక్కదు. అలాంటి నిష్ఠ నూటికొకరికి ఉంటుంది.

పామర్రులో బస్సు ఆగింది. కండక్టరు అంకమ్మరావు, "రండి మావయ్య గారూ, ఒక్క గుక్క టీ తాగొద్దాం. ఇంజను నడుస్తూనే ఉంటుంది, చిటికెలో వచ్చేద్దాం" అని ఇస్సాకు గారిని దింపాడు. ఇస్సాకు గారు బక్కపలచటి మనిషి. ఎడమవైపు కిటికీల కిందున్న పొడుగు బల్ల మీద గుడివాడ నుంచి ఆయన వీపు ఆనించి కూర్చున్నా రేకు ఉలకలేదు, పలకలేదు. ఇప్పుడు గాలికోసం ఆ చోట్లోకి ఆయన చెల్లెలు వెంకాయమ్మ గారు మారారు. ఆవిడ భారీ మనిషి. హాయిగా వెనక్కి వాలారు. ధబ్. ఎండకు కాగిన రేకు వీపుకు చురుక్కుమనేసరికి ముందుకు లేచారు. ధబ్.

రెండు దెబ్బలు. బస్సు కదిలింది.

"ఆపండి, ఆపండి, మా అన్నయ్య కిందున్నాడు" అని వెంకాయమ్మ గారు గోల పెట్టారు. బస్సంతా గోల పెట్టింది. అబ్రహాము ఇంకాస్త వేగం పెంచాడు.

ఆ గోలలో ఆలోచించిన మనిషి రత్నకుమారి ఒక్కతే. "అత్తయ్యా, మీరు ఇందాకటిలాగే వెనక్కి వాలండి. వాలి కదలకండి" అంది. ఆవిడ వాలారు. ధబ్. చుట్టూ వరిచేలు తప్ప ఇంకేమీ లేనిచోట బస్సు ఠక్కున ఆగింది.

పెళ్లికూతురు ముసుగు చేత్తో పట్టుకుని, దుమ్ములోకి దిగి డ్రైవరు దగ్గరికి వెళ్లింది. "బాబాయ్ గారూ, నాన్నగారు పామర్రులో ఉండిపోయారు. బస్సు వెనక్కి పోనివ్వండి."

"కండక్టరు చెప్పాలమ్మా."

"కండక్టరు గారు కూడా అక్కడే ఉండిపోయారండీ."

"మరి ఇందాక కొట్టిందెవరు?"

"రేకు కొట్టిందండీ."

అబ్రహాము ఆ పిల్లను జాలిగా చూశాడు. "పెళ్లి కంగారులో ఉన్నావు. వెళ్లి కూర్చోమ్మా."

ఇంకో పిల్లయితే అక్కడే ఏడ్చేది. రత్నకుమారి తిరిగి బస్సెక్కింది. "అత్తయ్యా, లేవండి, వాలండి, మళ్లీ లేవండి" అంది. ధబ్, ధబ్, ధబ్. అబ్రహాము అద్దం సర్దుకుని బస్సును వెనక్కి తీశాడు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేలు. అంత పొడుగు బస్సును చక్రం గట్టు దిగకుండా పామర్రు వైపు నడిపిన ఆ పనితనం చూసి తీరాల్సిందే.

ఎదురుగా అద్దెసైకిలు మీద అంకమ్మరావు, వెనక క్యారియరు మీద ఇస్సాకు గారు ప్రాణాలు ఉగ్గబట్టుకుని బస్సును అందుకోవడానికి వస్తున్నారు. బస్సే వెనక్కి నడుచుకుంటూ తమ మీదికి వస్తోందని గ్రహించి, సైకిలు తిప్పుకుని మళ్లీ పామర్రు వైపే పారిపోసాగారు. అద్దంలో అబ్రహాముకు ఇద్దరూ కనిపిస్తూనే ఉన్నారు. సిగ్నలు లేనిదే ఆగడం ఆయనకు తెలియదు.

"వాలండత్తయ్యా" అంది రత్నకుమారి. ధబ్. సైకిలుకు బారెడు దూరంలో బస్సు నిలబడిపోయింది.

చర్చికి చేరేసరికి పాస్టరు గారు రిక్షాలో ఒక కాలు పెట్టి ఉన్నారు. ఆ కాలు దింపారు, పెళ్లి జరిపించారు. కూతుర్ని అప్పగించేటప్పుడు ఇస్సాకు గారికి ఇంకా ఆయాసం తగ్గలేదు. అయినా ఆమె చేతిని పెళ్లికొడుకు చేతిలో పెట్టింది ఆయనే. రత్నకుమారికి అప్పటిదాకా రాని కన్నీళ్లు అప్పుడు వచ్చాయి.

విందులో అంకమ్మరావు ఓనరును పట్టుకున్నాడు. "ఆ రేకు పీకించెయ్యండి పూర్ణచంద్రరావు గారూ. దానివల్లే కదండీ ఇంత రభసా."

ఓనరు అబ్రహాము వైపు చూశాడు. అబ్రహాము విస్తట్లోంచి తల ఎత్తలేదు. "రేకు తప్పేముందండీ. ఆగాల్సినచోట ఆగమంది. మనిషి తప్పిపోతే వెనక్కెళ్లి ఎక్కించుకోమంది. పైగా డ్యూటీ మధ్యలో బస్సు దిగలేదు."

పూర్ణచంద్రరావు గారు చాలాసేపు ఆలోచించి, మర్నాడు రేకుకు ఇంకో పూత రంగు వేయించి, అంకమ్మరావును సంజాయిషీ అడిగారు.