మెడ అనకూడని ఇల్లు

ఆ ఉదయం దర్జీ అనుకున్న పని ఒక్కటే. టీ తాగుతూ జాకెట్టు కత్తిరింపు మీద ఒక పాఠం రాసి తన పేజీలో పెట్టాలి, ఆ తర్వాత మెషిను ముందు కూర్చోవాలి. "మెడ కత్తిరించేటప్పుడు చెయ్యి వణక్కూడదు. చేతులు రెండూ ముందే కత్తిరించి పక్కన పెట్టుకోండి" అని రాశాడు. గ్లాసులో టీ సగానికి రాకముందే ఆ పేజీలు నడిపే కంపెనీ నుంచి కబురొచ్చింది: హింసను ప్రోత్సహించినందుకు మీ పేజీ శాశ్వతంగా మూసేశాం.

పదకొండేళ్ల పాఠాలు! ఊళ్లో తలో మూలా ఉన్న నలభై మంది దర్జీలు రోజూ కలుసుకునే చోటు అదొక్కటే. దర్జీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"జన్మలో ఒక గుండీ కుట్టని యంత్రం నాకు మెడ గురించి చెప్తుందా? పోనీ, ఇదేం అన్యాయమయ్యా అని అడగడానికి అక్కడ ఒక్క మనిషైనా ఏడిశాడా?"

కంప్యూటర్ల ఉద్యోగం చేసే కూతురు దారి చూపించింది. "వాడి వాకిట్లో కూర్చుని వాణ్ని తిట్టడమెందుకు నాన్నా? మన సర్వరు మనమే పెట్టుకుందాం. ఇలాంటివి వేలున్నాయి. ఒక్కోటీ ఒక్కో ఇల్లనుకో. ఈ ఇంట్లోంచి ఆ ఇంటికి మాట్లాడుకోవచ్చు. అందరి మీదా పెత్తనం చేసేవాడు ఎవడూ ఉండడు. నచ్చకపోతే మూటాముల్లె సర్దుకుని ఇంకో ఇంటికి మారిపోవచ్చు."

వారం తిరిగేసరికి కుట్టుబల్ల కింద చిన్న పెట్టె ఒకటి గుర్రుమనడం మొదలుపెట్టింది. కూతురు ఎప్పుడో దాచి ఉంచిన పాత పాఠాలన్నీ అందులోకెక్కాయి. నలభై మందీ వచ్చి చేరారు. "ఇక్కడ ఎవరి నోరూ నొక్కం" అని దర్జీ మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో రాయించాడు. ఆ ఇంటికి పెద్ద తానే.

మూడో రోజున గుండీల కొట్టు వదిన ఒక ఫోటో పెట్టింది. ఆవిడ దర్జీ భార్యకు స్వయానా అక్క. దారానికీ, లైనింగు గుడ్డకూ నలభై మందీ ఆవిడ కొట్టుకే వెళ్తారు. ఫోటోలో ఉన్నది దర్జీ కుట్టిన జాకెట్టే. కింద ఇలా రాసింది: "మా మరిది నా మెడ కోశాడు చూడండి. మెడ పెట్టమంటే బావి తవ్వాడు. భుజం మీద నిలిస్తే ఒట్టు."

మధ్యాహ్నానికి ముప్ఫై మంది నవ్వారు. దర్జీకి తల కొట్టేసినట్టయింది. వదిన పెట్టినదాన్ని అక్కణ్నుంచి తీసిపారేశాడు. కారణం రాయమన్న చోట కాసేపు ఆలోచించి "హింస" అని రాశాడు.

"వదినగారి ఫోటో ఏమైందండీ?" అని పెద్ద టైలరు అడిగాడు. ఆ ప్రశ్ననూ తీసేశాడు. దాంతో తక్కినవాళ్లకు హుషారొచ్చింది. పొద్దుగూకులూ మెడ మీద ఛలోక్తులే. ఒక్కొక్కటే తీయలేక చెయ్యి నొప్పెట్టి, మర్నాడు పొద్దున్నే "మెడ" అన్న మాటనే నిషేధించడానికి సిద్ధపడ్డాడు.

"వద్దు నాన్నా, అది అక్షరాలే చూస్తుంది. అర్థం చూడదు" అని కూతురు ఫోనులో మొత్తుకుంది.

"నువ్వూ వాళ్ల వైపేనా?" అని మీట నొక్కేశాడు.

మెడ ఉన్న ప్రతి పాఠమూ మాయమైంది. మెడ లేని జాకెట్టు పాఠం ఎక్కడుంది? కంపెనీ ఒకసారి ఊడ్చేసిన పదకొండేళ్ల చదువును ఈసారి తన చేత్తో తానే ఊడ్చేశాడు. అక్కడితోనూ ఆగలేదు. "మెడికల్ షాపుకెళ్తున్నా, దుకాణం ఆలస్యంగా తీస్తా" అని ఒకాయన రాస్తే అదీ ఎగిరిపోయింది. "ఏంటండీ ఈ కామెడీ?" అని పెద్ద టైలరు అడిగితే అదీ పోయింది, కామెడీలోనూ ఒక మెడ ఉంది మరి.

"మా అక్క రాసింది తీసేశారట?" అంది భార్య.

"పదిమందిలో నా పరువు తీస్తే ఊరుకోవాలా? ఇంటిపెద్దను నేను!"

"ఆ కంపెనీవాడూ అలాగే అనుకునుంటాడు."

సాయంత్రానికి వదిన సొంతంగా ఒక ఇల్లు తెరిచింది. నలభై మందీ మూటాముల్లె సర్దుకుని అక్కడికి తరలిపోయారు. "ఎవరైనా ఉన్నారా?" అని దర్జీ రాశాడు. పెట్టె గుర్రుమంది, అంతే. కూతురు మాత్రం ఫోను చేసింది. "నేనూ పెద్దమ్మ దగ్గరికే మారాను నాన్నా. నీ పాఠాల ప్రతి నా దగ్గరుంది. అక్కడ నీ పేరుతోనే పెట్టాను."

దర్జీకి ఏడుపొచ్చింది. కంపెనీ గెంటినప్పుడు కోపమొచ్చింది గానీ ఏడుపు రాలేదు. అరగంట అటూ ఇటూ తిరిగి, సిగ్గు చంపుకుని, వదిన ఇంట్లో చేర్చుకోమని అర్జీ పెట్టుకున్నాడు. వెంటనే ఆవిడే ఫోను చేసింది.

"రా మరిదీ, నువ్వు లేకపోతే ఇక్కడ కళేముంది? కాకపోతే మా ఇంట్లో ఒక నియమం. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి నెల వినాలి, మాట్లాడకూడదు."

దర్జీ ఫోను బల్ల మీద పడేసి గుండెలు బాదుకున్నాడు. "పాఠాలు నావి, మనుషులు నావాళ్లు, నేను మాత్రం నోరు మెదపకూడదట! దాన్ని అసలు ఇల్లంటారా?"

"అంటారు" అంది భార్య, బట్టలు మడతపెడుతూ. "అత్తారిల్లని."