డ్రైవింగ్ స్కూలు కారుకి టర్బో

మధ్యలో నవ్వితే ఆపేస్తాను, ముందే చెబుతున్నా.

మా ఆవిడ డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. నేర్పే కారు కాబట్టి పక్క సీటు ముందు ఆవిడకో సొంత బ్రేకు ఉంది. మా ఇంట్లోనూ ఉంది, పైకి కనిపించదంతే.

ఆదివారాలు ఆ కారులోనే మా అత్తగారింటికి వెళ్తాం. దారిలో ఒక గుట్ట. సరిగ్గా అక్కడే, మా ఊళ్ళోనే ఉండే మా బావమరిది తన కొత్త కారులో మమ్మల్ని దాటుతూ, అద్దం దించి, "బావా, దిగి తోయమంటావా?" అంటాడు. వాడి పళ్ళు నాకు కల్లోకి కూడా వస్తున్నాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి వాణ్ణి ఆ గుట్ట మీద దాటాలి!

"టర్బో పెట్టేద్దాం. ఇంజనుకి గాలి బలవంతంగా తాగిస్తుంది," అన్నాడు నా మెకానిక్ మిత్రుడు. వాణ్ణందరూ బోల్టు అంటారు. ఏది విప్పి బిగించినా చివర్లో ఒకటి మిగులుస్తాడు.

"కంపెనీ సామాను తప్ప ఇంకేదీ పడకూడదంటుందిరా ఆవిడ."

"అన్నీ కంపెనీవే వేద్దాం. ఏ బండివో ఆవిడ అడగలేదుగా?"

వాణ్ణి కౌగిలించుకున్నాను. చొక్కా పోయింది.

అదే కంపెనీ డీజిల్ వ్యాను తుక్కులో పడి ఉంటే దాని టర్బో పీకాం. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు అదే కంపెనీ పెద్ద కారువి. పైపులు మాత్రం బోల్టే వంచాడు. పిస్టన్లు పాతవే.

"అందుకే గాలి కొంచెమే తోద్దాం. ఆశపడ్డావో, పిస్టన్ బానెట్లోంచి లేచొచ్చి నమస్కారం పెడుతుంది," అన్నాడు.

సర్వీసింగ్ అయిందని ఆవిడకి కారు అప్పగించాను. మర్నాడు క్లాసు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా అడిగింది.

"ఏమండీ, కారు ఈల వేస్తోందేంటి?"

"హుషారుగా ఉందేమోనోయ్."

"ఇవాళ నేర్చుకోవడానికొచ్చిన పంతులమ్మగారు యాక్సిలరేటర్ మీద కాలు ఆనించారు. ఆవిడ కళ్ళజోడు వెనక సీట్లో దొరికింది."

"అంతా కంపెనీ సామానే. ఒట్టు!"

"అలాగా," అంది. అంతే. పెళ్ళైనవాళ్ళకి తెలుసు, ఆ ఒక్క మాట ఎంత ప్రమాదమో.

ఆదివారం వచ్చింది. స్టీరింగు దగ్గర నేను. పక్కన ఒళ్ళో పెద్ద సంచీతో ఆవిడ. గుట్ట మొదలైంది. అద్దంలో బావమరిది కనిపించగానే యాక్సిలరేటర్ నేలకి నొక్కేశాను. టర్బో ఈల వేసింది. ఇంజను గర్జించింది. కారు మాత్రం మూలుగుతూ పాకింది!

"ఏదో కాలుతున్న వాసన," అన్నాను.

"మీ కడుపేమో చూసుకోండి."

బావమరిది పక్కకొచ్చాడు. "బావా, ఈల కూడా వేయిస్తున్నావే! తోయమనేనా?" తుర్రుమన్నాడు.

అత్తగారి గుమ్మంలోనే అంతా కక్కేశాను. "నా వల్ల తప్పయిపోయింది. పనికిరాని టర్బో. రేపే తీయించేస్తాను."

"తియ్యొద్దు," అంది మా ఆవిడ. "వెళ్ళేటప్పుడు నేను నడిపి చూస్తాను."

సాయంత్రం అదే గుట్ట, అవతలి వైపు నుంచి. ఆవిడ అలా కాలు ఆనించిందో లేదో, నా వీపు సీటుకి అతుక్కుపోయింది. బావమరిది కారు ముందుంది, పక్కనుంది, వెనకుంది!

"తమ్ముడూ, తోయమంటావా?" అని అద్దం దించి అరిచింది. తర్వాత నాతో, "చిన్నప్పుడు నా జడ లాగి పారిపోయేవాడు. వాణ్ణి అందుకోవాల్సింది నేను. మధ్యలో మీరెవరు?"

భయంతో నా కాలు కింద దేనికోసమో వెతికింది. దొరికినదాన్ని తొక్కింది. కారు మూలిగింది. పొద్దున విన్న మూలుగే! పొద్దున వచ్చిన వాసనే!

నోరు తెరుచుకుని ఆవిడ వైపు చూశాను.

"బ్రేకు మీంచి కాలు తియ్యండి," అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఈ కారులో నేను వేయించిన బయటి సామాను అదొక్కటే. ఎప్పుడు తొక్కాలో నాకు తెలుసు."

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆవిడే నడుపుతోంది. నేను పక్కన కాళ్ళు సీటు మీదికి మడుచుకుని కూర్చుంటున్నాను.