ఇంగ్లీషులో వద్దంటే చప్పట్లు

ఎవరినైనా ఎదిరించాలనుకుంటే ముందు ఇంగ్లీషు నేర్చుకోండి. తెలుగులో వద్దంటే గొడవ, ఇంగ్లీషులో వద్దంటే చప్పట్లు! నమ్మకం లేదా? తిరుమలాయపాలెం పక్క పల్లెలో మిరప రైతు చెంచురామయ్యను అడగండి.

క్వారీ లారీల కోసం ఆయన చేను మధ్యగా రోడ్డు వేస్తామని కంపెనీ వాళ్లు మొదటి మీటింగ్ పెట్టారు. చెంచురామయ్య భుజాన తువ్వాలు దులిపి లేచాడు. "నా చేన్ల కాలు పెడితే ఊకోను. జల్దీ లేచి పోండ్రి" అని టెంటు ఎగిరిపోయేలా అరిచాడు. ఆఫీసర్లు టీ కూడా తాగకుండా జీపెక్కారు. రోడ్డు ఆగింది.

ఎంత అనాగరికం చెప్పండి! ఆ వీడియో వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఖమ్మంలో వియ్యంకుడికి చేరింది. "బావగారూ, మరీ మోటుగ మాట్లాడిండ్రు" అన్నాడాయన. చెంచురామయ్యకు తల కొట్టేసినట్టయింది. చేను పోతుందన్న భయం కన్నా ఆ మాటే ఆయన్ని ఎక్కువ కాల్చింది.

మిరప కోతలు భార్య నిర్మలాదేవికి వదిలేసి, రోజూ ఖమ్మం బస్సెక్కి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు వెళ్లాడు. అక్కడ నాగచైతన్య అనే కుర్ర సారు వ్యతిరేకించడానికే ఒక చాప్టర్ చెప్పాడు. ఆబ్జెక్ట్ టు, స్టాండ్ అప్ టు, పుష్ బ్యాక్, స్పీక్ అవుట్ ఎగైనెస్ట్. అన్నిటికన్నా మర్యాదైనది ఐ బెగ్ టు డిఫర్ అట. కాదనడానికి కూడా అడుక్కోవాలి! ఇంత వినయం మన మోటు భాషలో ఎక్కడుంది?

రెండో మీటింగ్‌లో ఇస్త్రీ చొక్కాతో లేచి అన్నీ వరసగా అప్పజెప్పాడు. "మీ ఇంగ్లీష్ సూపర్ సార్" అంటూ ఆఫీసర్లు చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు, ఫొటో దిగారు. తర్వాతి పాయింటుకు వెళ్లిపోయారు.

ఇంటికొస్తే నిర్మలాదేవి శాలువా వైపు చూడనైనా లేదు.

"మెచ్చుకున్నరు సరే. చేను ఇయ్యనని చెప్పినవా లేదా?"

"చెప్పిన. చానా మర్యాదగ చెప్పిన."

"మరి వాళ్లేమన్నరు?"

వాళ్లేమీ అనలేదని చెంచురామయ్యకు అప్పుడు తట్టింది.

ఇది జరిగి ఆర్నెల్లయింది. నిన్న పక్క ఊళ్లో మీటింగ్. అక్కడి జనం ఇంకా తెలుగులోనే అరుస్తున్నారట. పద్ధతిగా ఎదిరించడం వాళ్లకు నేర్పమని కంపెనీ చెంచురామయ్యను ముఖ్య అతిథిగా పిలిచి కారు పంపింది. కారు ఒక్క కుదుపు లేకుండా గుమ్మం దాకా వచ్చింది. చేను మధ్యగా కొత్త రోడ్డు పడింది కదా!

ఆయన శాలువా కోసం వెతికాడు. నిర్మలాదేవి పాత తువ్వాలు తెచ్చి భుజాన వేసింది.

"ఆడనన్న మోటుగ మాట్లాడు" అంది.