గేటులో ఇరుక్కున్న సిద్ధాంతం

ఆదివారం పొద్దున్న భార్య చెల్లెలింటికి బయలుదేరగానే, కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కార్ల షోరూముకి వెళ్ళారు. కొనే ఉద్దేశం లేదు, కొనేంత జీతమూ లేదు. ఏనుగంత ఆ నల్ల ఎస్‌యూవీని ఒక్కసారి నడిపి, తన మనసులోని కోరికను పరిశీలించి వచ్చేద్దామనుకున్నారు. దొంగతనానికి వెళ్ళేవాడు కూడా తనకి తాను ఇలాంటిదే ఏదో చెప్పుకుంటాడని ఆయనకి తెలుసు. తెలిసే వెళ్ళారు.

కాలు ఆనించీ ఆనించకముందే బండి గర్జించి ముందుకు దూకింది. అహం మనిషిలో ఎక్కడుంటుందో మాస్టారికి మొదటిసారి స్పష్టంగా తెలిసింది: కుడికాలి బొటనవేలి కింద.

"మీ ఇంట్లో పార్కింగ్ సరిపోతుందేమో చూసేద్దాం సార్," అన్నాడు పక్కనున్న సేల్స్‌మన్.

వద్దంటే ఇల్లు చిన్నదని ఒప్పుకున్నట్టే. "దానికేం భాగ్యం, పద!" అన్నారు మాస్టారు.

బండి ఇంటి గేటులో సగం దూరి ఆగిపోయింది. రెండు పక్కలా వెనక చూసే అద్దాలు స్తంభాలకి బిగుసుకున్నాయి. ముందు తలుపులు తెరుచుకోవు.

"సార్, అక్కడో చిన్న బటన్..."

"నాకు తెలుసులేవయ్యా!"

ఇంతలో వెనక స్కూటర్ ఆగింది. చెల్లెలింటికి తాళం ఉండటంతో భార్య తిరిగొచ్చేసింది. మాస్టారు చటుక్కున సేల్స్‌మన్ నోరు మూశారు. నల్లటి అద్దాల పుణ్యమా అని వెనకనుంచి లోపలివాళ్ళు కనబడరు.

"ఎవరిదమ్మా ఇది, మీదేనా?" పక్కింటి పిన్నిగారు వచ్చి ఆరా తీశారు.

"భలేవారే పిన్నిగారూ! మా ఆయన ఇలాంటి వాటి జోలికే పోరు. మనిషి లోపల ఎంత చిన్నవాడైతే అంత పెద్ద బండి కావాలంటాడని క్లాసులో పాఠం కూడా చెప్తారు. ఆయనలో నాకు నచ్చేది అదొక్కటే."

అదొక్కటే! ఇన్నేళ్ళ కాపురంలో సంపాదించుకున్న ఆ ఒక్క మార్కూ పోయేలా ఉంది. సీటు దించుకుని దాక్కుందామని మాస్టారు చేతికందిన బటన్ నొక్కారు. సీటు దిగలేదు. నెత్తిమీది కప్పు తెరుచుకుంది. ఊపిరాడక సేల్స్‌మన్ అందులోంచి నిలువునా లేచాడు.

"మేడమ్, మీరా!" వాడి మొహం వెలిగిపోయింది. "పోయిన ఆదివారం ఈ బండే కదండీ నడిపారు? మావారితో మాట్లాడి చెప్తానన్నారు. ఏమన్నారండీ సార్?"

వాడి పక్కన మాస్టారి తల కూడా మెల్లగా పైకి వచ్చింది.

"పోయిన ఆదివారం కూడా చెల్లెలింటికేగా వెళ్ళావు?"

"మీరు గడప దాటనన్నారుగా?"

"పరిశీలనకని వెళ్ళానే..."

"నేనూ పరిశీలనకే వెళ్ళాను. పిన్నిగారు చూస్తున్నారు, వెనక సీట్లోకి రండి ముందు."

ఆమె వెనక తలుపులోంచి ఎక్కి, భర్తని దాటుకుని ముందుకెళ్ళి కూర్చుంది. ఆ చిన్న బటన్ నొక్కింది. అద్దాలు ముడుచుకున్నాయి. బండి గీతైనా పడకుండా వీధిలోకి వచ్చింది. అక్కడ ఆగలేదు. సందు మలుపు దాకా గర్జిస్తూ వెళ్ళింది.

వెనక సీట్లో చోటు మాత్రం నిజంగానే బాగుందని మాస్టారు ఒప్పుకున్నారు.