మురుగుకాలువ కోసం కొన్న కూలర్

నవ్వితే నవ్వండి, నాకేం కొత్త కాదు. పదిహేనేళ్లుగా ధర్నాలు చేస్తున్న వీరభద్రరావు గొంతు నొక్కింది లాఠీ కాదు, కేసు కాదు. నా సొంత కంప్యూటర్‌లోని ఫ్యాను.

పటమటలో మా వీధి మురుగుకాలువ సంగతి మీకు తెలుసుగా. పోయినేడు వానలకి మా వంటింట్లోకి వచ్చి, స్టవ్ కింద కాపురం పెట్టి, వారం దాకా ఖాళీ చేయలేదు. ఈసారి వానలు పడేలోపే పూడిక తీయించాలని అర్జీ మీద అర్జీ పెట్టాను. చివరికి ఆఫీసువారు వీడియోలో విచారణ పెట్టారు. నేను నోరు తెరిచాను. నాకంటే ముందు నా ఫ్యాను తెరిచింది.

"అక్కడేంటండీ, పిండిమర నడుస్తోందా?" అన్నారు అధికారి. నా మైకు ఆపేశారు. వీధి మొత్తం తరఫున మాట్లాడాల్సిన నేను ఒడ్డున పడ్డ కొరమేనులా నోరు తెరిచి మూశాను. మళ్ళీ విచారణ మూడు వారాలకి. అదే ఆఖరిది. ఆ తర్వాత వానలే.

మా ఆవిడ త్రిపురసుందరి హైస్కూల్లో లెక్కల టీచరు. వేసవి సెలవులు కాబట్టి నా ఖర్మ కొద్దీ ఇంట్లోనే ఉంది. విన్న వెంటనే లెక్క తేల్చేసింది.

"మూత తీసి దుమ్ము దులపండి."

"దుమ్మా? ఇది దుమ్ము సమస్య కాదు సుందరీ, వ్యవస్థ సమస్య! లోపల చిప్పు వేడెక్కుతోంది. దాని మీద కూర్చున్న కూలర్ ఆ వేడి లాగలేక అరుస్తోంది. సమూలంగా మార్చాల్సిందే."

"ఏదో ఒకటి సమూలంగా మార్చందే మీకు అన్నం సహించదుగా. మే నెలలో పొయ్యి దగ్గర నేను ఉడుకుతుంటే చల్లగాలి దానికా?"

నేను వెంటనే కూలర్ల పరిశోధనలో పడ్డాను.

మూడు వారాల్లో రెండున్నర వారాలు దానికే పోయాయి. చప్పుడు చేయనిది చల్లబరచదు. చల్లబరిచేది చప్పుడు చేస్తుంది. రెండు గుణాలూ ఉన్నది కంప్యూటర్ పెట్టెలో పట్టదు. ఫోన్‌తో చప్పుడు కొలవడం నేర్చుకున్నాను. మిక్సీని కొలిచాను. మా ఆవిడ తిడుతుంటే కొలిచాను. ఎవరు గెలిచారో పైకి చదివాను. ఆ పూట పచ్చడి లేదు.

గవర్నర్‌పేటలో కంప్యూటర్ సామాను అమ్మే స్టీఫెన్ చిన్న కూలర్ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ వాడకానికి ఇది చాలండి. సౌండే ఉండదు."

"నా వాడకం నీకేం తెలుసయ్యా?"

"మీరు కొట్టేది అర్జీలే కదండీ."

"నా అర్జీల్లో వేడి ఉంటుంది!" అని, కొట్లో అన్నిటికన్నా పెద్దది దించమన్నాను. రెండు ఫ్యాన్లు, ఆరు రాగి గొట్టాలు, జానెడు ఎత్తు.

"పెట్టె కొలత చూశారాండీ? పోనీ, నేనొచ్చి బిగిస్తా."

"నేనెవరి దగ్గరా ఏదీ నేర్చుకోలేదోయ్. అన్నీ సొంతంగా నేర్చుకున్నవే."

"అదేనండీ భయం," అన్నాడు స్టీఫెన్.

విచారణ రోజు పొద్దున్నే బిగించాను. పెట్టె మూత పట్టలేదు. గాలి ఆడుతుందిలే అని వదిలేశాను. కూలర్ అడుగున అద్దంలా మెరిసే పలక. దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర. కొత్త వస్తువు మీద ప్లాస్టిక్ తీసే ఆచారం మా ఇంట్లో లేదు. రిమోట్ ఆరేళ్లుగా కవర్లోనే ఉంది. ఫ్రిజ్ పిడికీ అదే మర్యాద. పలక మీద గీతలు పడతాయని ఆ పొరని ఇంకాస్త గట్టిగా అదిమి, పైన చిప్పు వేడిని కూలర్‌కి అందించే పేస్టు దోసె మీద కారంలా పూసి బిగించేశాను.

ఆన్ చేశాను. నిశ్శబ్దం!

"సుందరీ, విన్నావా?"

"ఏం వినాలి?"

"అదే!"

పదకొండింటికి అధికారి వచ్చారు. వీధిలోవాళ్ళు పాతికమంది ఎవరి ఫోన్లలో వాళ్ళు. "అయ్యా!" అని కాలువ పుట్టుక దగ్గర్నుంచి ఎత్తుకున్నాను. మా తరానికి రాకముందే తెర మీద నా బొమ్మ చెయ్యెత్తి బిగుసుకుపోయింది. ఆ వెంటనే చీకటి. ఆన్ చేస్తే ఆరిపోతుంది. మళ్ళీ ఆన్. మళ్ళీ చీకటి. గొట్టాలు పట్టుకు చూశాను. కుండలో నీళ్లలా చల్లగా ఉన్నాయి. ఇంత చల్లటి కూలర్ కింద కంప్యూటర్ చచ్చిపోవడమేమిటి? తల పట్టుకున్నాను. అయిపోయింది. ఈ ఏడు కూడా మురుగు మా వంటింటికి చుట్టపు చూపుగా వస్తుంది.

అప్పుడే వంటింట్లోంచి మా ఆవిడ గొంతు. ఆవిడా తన ఫోన్‌లో ఆ విచారణలోనే ఉంది.

"నమస్కారం సార్. త్రిపురసుందరి, టీచర్ని. కాలువ లోతు నాలుగడుగులు, అందులో మూడున్నర అడుగులు మట్టి. మిగిలిన అరడుగులో వానాకాలమంతా పట్టదు సార్. ఎప్పుడు తీయిస్తారు?"

"ఎల్లుండి మనుషుల్ని పంపిస్తామమ్మా. ఇందాక మాట్లాడినాయన ఏమయ్యారు?"

"ఎవరో పెద్దాయన సార్. ఆవేశానికి సిగ్నల్ పోయినట్టుంది."

ఫోన్ పెట్టేసి వచ్చింది. స్క్రూలు విప్పింది. కూలర్ తిరగేసి గోటితో ఆ పొర లాగి నా కళ్ల ముందు పట్టుకుంది.

"చిప్పు వేడి కూలర్‌కి ఎక్కకుండా ఇదే అడ్డు. బిగించేముందు తీసేయమని ఎర్రక్షరాలతో రాశారండీ. సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే గానీ చదవరా?"

ఊళ్ళోవాళ్ళకి జీవోల్లో సన్నక్షరాలు చదివి వినిపించేవాణ్ణి. నేలలోకి దిగిపోదామనుకున్నాను. నేల కింద మురుగుంది.

చెప్పినట్టే పూడిక తీశారు. నిన్న మా ఆవిడ రైతుబజారుకి వెళ్ళినప్పుడు ఎదురింటి రావమ్మగారు గేటు దగ్గరికొచ్చారు.

"మేడమ్ గారు లేరాండీ? వీధిదీపం సంగతి చెబుదామని."

"నేనున్నానుగా, చెప్పండి. ఇప్పుడే అర్జీ కొట్టేద్దాం."

"అబ్బే, ఇది పనవ్వాల్సిన విషయమండీ. ఆవిడ వచ్చాకే వస్తాలెండి."