ఇంటిబండిలో గోదావరమ్మ కునుకు

ఆ ఆదివారం పొద్దున పెంటప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటిల్లిపాదీ ఇంటిబండి ఎక్కాలి, సోలాపురం పొలిమేరలో హోట్గి రోడ్ దాటాక చెరువు పక్కన ఆపాలి, అన్నం తినాలి, భార్య గోదావరమ్మ కాసేపు కునుకు తీయాలి, చాయ్ వేళకు తిరిగి రావాలి. ఇందులో కష్టమేముందని ఎవరైనా అనుకుంటారు. పెంటప్పా అలాగే అనుకున్నాడు పాపం.

ముందు ఆ బండి సంగతి చెప్పాలి. అది ఒకప్పుడు బడి బస్సు. పిల్లల్ని మోసీ మోసీ నడుము పడిపోయి మూలన ఉంటే పెంటప్ప కొని తెచ్చి సందులో నిలబెట్టాడు. ఆయన మరమగ్గాల జాబర్. మగ్గానికి జబ్బు చేస్తే నాడి చూసి నయం చేసే మనిషన్నమాట. ఆ పనిలోనే తల నెరిసి, సొంతంగా తువ్వాళ్ళ కార్ఖానా పెట్టుకున్నాడు. కింద మగ్గాలు, పైన కాపురం. కార్ఖానాను కొడుకు వినాయక్‌కు అప్పజెప్పాక చేతులు ఊరుకోక, బస్సు మీద పడ్డాడు. మంచాలు బిగించాడు, పొయ్యి పెట్టాడు, నీళ్ళ ట్యాంకు, దానికో మోటారు, ఒక చిన్న ఫ్రిజ్జు అమర్చాడు. పరుపుల మీద సోలాపురం చద్దర్లు పరిచాడు. కిటికీల తెరలకు సొంత మగ్గం మీద ప్రత్యేకంగా బట్ట నేయించాడు.

అయితే ఆయన అసలు గర్వం వీటిలో దేని గురించీ కాదు. బండిలో చప్పుడన్నది లేదు, అదీ ఆయన గర్వం. తలుపు కిర్రుమంటే నూనె పోశాడు. కిటికీ గడగడమంటే రబ్బరు దూర్చాడు. గిన్నె గిన్నెకు తగిలితే మధ్యలో తువ్వాలు పెట్టాడు. ఫ్రిజ్జు కొనేటప్పుడైతే దుకాణంలో ఒక్కొక్కదానికీ చెవి ఆనించి, అన్నిటికన్నా మూగదాన్ని ఏరుకొచ్చాడు. సందులో ఎవరు కనిపించినా లోపలికి పిలిచి, తలుపు తీసి వేసి వినమనేవాడు. వినడానికి ఏమీ ఉండేది కాదు. ఆయన వినిపించాలనుకున్నదీ అదే కాబట్టి అందరూ తలూపి, బాగుందని చెప్పి వెళ్ళేవారు.

ఆ బండి మీద కన్నేసినవాడు ఇంకొకడున్నాడు. గోదావరమ్మ తమ్ముడు పాండురంగ్, బట్టల వ్యాపారి. జాతర జాతరకూ తిరిగి తువ్వాళ్ళు అమ్మడానికి అంతకన్నా మంచి దుకాణం దొరకదని అతని పట్టు. పెంటప్పేమో భార్యను అందులో కొంకణానికి తీసుకుపోయి సముద్రం చూపించాలని పట్టు. పెళ్ళైనప్పటినుంచీ ఆమె కండెలు చుట్టడమే గాని ఊరు కదిలింది లేదు. బావా బామ్మర్దీ వాదించుకుని వాదించుకుని, ఆఖరికి తీర్పు ఆమెకే వదిలేశారు.

"ఇల్లంటే ఏంది? మనిషికి నిద్ర పట్టాలె. గా గాడిల నాకు మంచిగ నిద్ర పడితే నీ ఎంబడి సముద్రం దాంక వస్త. పట్టకపోతే తమ్మునికి ఇచ్చెయ్," అని ఆమె తేల్చేసింది.

పెంటప్ప ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా సరేనన్నాడు. నిద్ర పట్టకపోవడానికి ఆ బండిలో కారణమంటూ ఏదీ మిగల్చలేదు కదా.

చెరువు దగ్గరికి వెళ్ళేదాకా అన్నీ సవ్యంగానే జరిగాయి. కోడలు సారిక కట్టి తెచ్చిన కరకరలాడే కడక్ రొట్టెలు, వంకాయ కూర, పల్లీల చట్నీ తిని, అందరూ తలా ఒక మంచం మీద వాలారు. గాలి లేదు. ఆకు కదలడం లేదు. చెరువు కూడా మర్యాదగా ఊరుకుంది. పెంటప్ప కళ్ళు మూసుకుని, పక్క మంచం మీదనుంచి భార్య గురక కోసం చెవులు రిక్కించాడు.

గోదావరమ్మ లేచి కూర్చుంది. "ఇగో, ఏందో ఆగింది," అన్నది.

"ఏం ఆగుతది? మనమే గాడి ఆపి పండుకున్నం గద," అన్నాడు పెంటప్ప.

"గట్ల కాదు. ఏందో బంద్ పడ్డది. నాకు తెలుస్తుంది."

నిజానికి అదే అనుమానం పెంటప్పకు కూడా అప్పటికే వచ్చింది. పైకి చెప్పలేదంతే. ఆ ఇంట్లో వాళ్ళంతా మగ్గాల మీద పడుకుని పెరిగినవాళ్ళు. పగలూ రాత్రీ కింద మగ్గాలు నడుస్తూనే ఉంటాయి. తమవి ఆగినా గోడ అవతలి వాళ్ళవి ఆగవు. ఆ మోత వాళ్ళకు మోత కాదు. అది ఆగితేనే ప్రమాదం. కరెంటు పోయి ఉండాలి, పడుగు తెగి ఉండాలి, లేదా పనివాడు అలిగి వెళ్ళిపోయి ఉండాలి. ఆ సందులో చప్పుడు ఆగితే చంటిపిల్లలు కూడా ఉలిక్కిపడి లేస్తారు. అలాంటి మనుషుల్ని తీసుకొచ్చి, ఆకు కూడా కదలని చోట, చప్పుడంటే ఏమిటో తెలియని బండిలో పడుకోమంటే ఎలా పడుకుంటారు? ఎవరికి వారికి కళ్ళు మూతపడగానే ఏదో ఆగినట్టు అనిపించి తెరుచుకుంటున్నాయి. కాని ఇదే అసలు కారణమని అప్పుడు ఒక్కరికీ తట్టలేదు.

వినాయక్ బయటికి వెళ్ళి కార్ఖానాలో పనివాళ్ళను చూసుకునే మల్లప్పకు ఫోన్ చేసి, మగ్గాలేవైనా ఆగాయా అని అడిగాడు. అన్నీ నడుస్తున్నాయని మల్లప్ప చెప్పాడు. కాసేపటికి వినాయక్ మళ్ళీ చేశాడు. ఆ తర్వాత ఇంకోసారి. సెలవు రోజున షికారుకెళ్ళిన యజమాని మాటిమాటికీ ఏదైనా ఆగిందా అని ఎందుకు అడుగుతాడు? వాళ్ళ బండే దారిలో ఆగిపోయి ఉంటుందని, చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నారని మల్లప్ప బాగా ఆలోచించి గ్రహించాడు. ఇంటి మనిషిలాంటివాడు కనుక ఊరుకోలేక, ఆ మాట పాండురంగ్ చెవిన వేశాడు.

ఇక్కడ పెంటప్ప అంగీ విప్పి పనిలోకి దిగాడు. ముందు ఫ్రిజ్జు మీద చెయ్యి పెట్టాడు. చల్లగానే ఉంది, కాని కిక్కురుమనడం లేదు. నడిచే వస్తువు నోరు మూసుకుని ఎలా నడుస్తుందని, తాను ఏరి కోరి తెచ్చిన గుణాన్నే తప్పుపట్టి దాని వెనక రేకు ఊడదీశాడు. అందులో ఏ లోపమూ లేదు. తర్వాత నీళ్ళ మోటారుకు చెవి ఆనించాడు. అదీ మౌనమే. పైపు బిగింపు కొంచెం వదులు చేసి చూద్దామనుకున్నాడు. ట్యాంకు నిండుగా ఉన్న సంగతి, మోటారు మీట వేసే ఉన్న సంగతి రెండూ మరిచిపోయాడు.

నీళ్ళు ఆయన ముఖం మీద మొదలై పరుపులు, చద్దర్లు, తెరలు అన్నిటినీ తడిపాకే ఆగాయి. మనవరాలు ప్రాజక్త చప్పట్లు కొట్టింది. ఆ రోజు సంతోషంగా ఉన్నది ఆ పిల్ల ఒక్కతే.

సారిక, గోదావరమ్మ కలిసి తడిసిన చద్దర్లన్నీ బయట పొదల మీద పరిచారు. తెరలూ తువ్వాళ్ళూ బండికీ చెట్టుకూ తాడు కట్టి ఆరేశారు. చద్దర్లకు పేరుపడ్డ సోలాపురం దగ్గర రోడ్డు పక్కన చద్దర్లు పరిచి కనిపిస్తే, చూసినవాడు ఏమనుకుంటాడు? ముందు ఒక మోటారు సైకిలు ఆగింది. దాని వెనక ఒక కారు. "కేవఢ్యాలా?" అంటూ మరాఠీలో ధర అడిగారు. అమ్మడానికి కాదు, ఆరబెట్టుకున్నామని సారిక చెప్పింది. బేరం మొదలుపెట్టే తీరు భలే ఉందని వాళ్ళు మెచ్చుకుని, తామే ఒక ధర చెప్పారు. ఆమె కాదన్నకొద్దీ వాళ్ళు పెంచుకుంటూ పోయారు. వదిలించుకోవడానికి వినాయక్ నోటికొచ్చిన ధర చెబితే, ఇంత ధైర్యంగా చెబుతున్నాడంటే సరుకు అసలైనదేనని కారాయన ఇద్దరు బంధువులకు ఫోన్ చేసి రమ్మన్నాడు.

అంతటితోనైనా ఆగేదేమో. వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన తెర కొస పట్టుకుని, నేత బాగుందన్నాడు. ఒళ్ళంతా నీళ్ళోడుతున్న పెంటప్ప ఆ మాట వినగానే పానా కింద పడేసి వచ్చాడు. ఏ పోగు ఎందుకు వేశారో, అంచు ఎందుకు ముడుచుకోదో చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతూ చెబుతూ, ఈ తెరలు కట్టే కిటికీలు లోపల ఉన్నాయి చూద్దురు రమ్మన్నాడు. చూద్దురు అన్నాక జనం ఆగుతారా? చెప్పులు బయట విడిచి బండి నిండా ఎక్కారు. ఎవరో ఒకావిడ గోదావరమ్మ మంచం మీదే కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఎంత ప్రశాంతంగా ఉందో అన్నది. గోదావరమ్మ బయట నిలబడి, ఎర్రబడ్డ కళ్ళతో ఆమెను చూసింది.

సరిగ్గా అప్పుడు పాండురంగ్ టెంపోలో దిగాడు. ఆగిపోయిన బండిని లాగడానికి చేతిలో లావుపాటి తాడు. జనాన్ని, చద్దర్లను, బేరాన్ని చూశాక అతనికి తాడు సంగతే గుర్తులేదు. నవ్వు చెవులదాకా సాగింది.

"బావా, ఇగ నువ్వే చూస్తున్నవు గద. నేన్ చెప్తే ఇనలే. ఇది ఇల్లు కాదు, దుకాణం," అన్నాడు.

పెంటప్ప భార్య వైపు చూశాడు. గోదావరమ్మకు అబద్ధం చెప్పడం రాదు. భర్త ముఖం చూడలేక చెరువు వైపు చూస్తూ, తనకు నిద్ర పట్టలేదని చెప్పింది. ఆ మాట ఆయనకు ఎక్కడో లోపల కలుక్కుమంది. బండి పోతున్నందుకు కాదు. మగ్గాల జబ్బులన్నీ కుదిర్చిన తన చేతులు, ఇంటి మనిషికి ఒక కునుకు ఇవ్వలేకపోయాయే అని సిగ్గేసింది. మాట మాటేనన్నాడు. ఇంటిదాకా మాత్రం తానే నడుపుకొస్తానని అడిగాడు. తడి చద్దర్లు మడిచి లోపల వేసి, అందరూ తిరిగి వచ్చారు.

సందులో ఎప్పటిలాగే కార్ఖానా గోడను ఆనుకుని బండి ఆగింది. పాండురంగ్ పైకెళ్ళి చాయ్ తాగుతూ, బండికి వేయించాల్సిన రంగు గురించి మాట్లాడుతున్నాడు. గోదావరమ్మ తన గిన్నెలు తెచ్చుకోవడానికి బండి ఎక్కింది. చాయ్ చల్లారింది. ఆమె రాలేదు. సారిక వెళ్ళి చూసి, నోటి మీద వేలు పెట్టుకుని దిగి వచ్చింది. తడిసిన పరుపు పక్కకు తోసి, ఉత్త చెక్క మంచం మీద, ఒళ్ళో అన్నం గిన్నె పెట్టుకుని, అత్తగారు గురక పెడుతోంది.

గోడ అవతల మగ్గాలు దంచుతున్నాయి.

పెంటప్పకు అప్పుడు తెలిసింది ఏం ఆగిందో. తెలిసిన మరుక్షణమే ఇంకొకటి గుర్తొచ్చింది. కార్ఖానాలో పాళీ, అదే షిఫ్టు, మారే వేళ అవుతోంది. పగటి పాళీ వాళ్ళు మగ్గాలు ఆపి, దూది దులిపి, రాత్రి పాళీ వాళ్ళకు అప్పగిస్తారు. ఆ కాస్సేపట్లో ఆమె లేచిందంటే, కళ్ళు మూసుకున్నానంతే నిద్ర కాదు పొమ్మంటుంది. ఆయన కార్ఖానాలోకి పరుగెత్తాడు.

"ఇయ్యాల ఒక్క మగ్గం ఆగొద్దు. నడుస్తుండంగనే చేతులు మార్చుకోండ్రి," అన్నాడు.

బండి చెడిపోయిన దిగులుతో పెద్దాయనకు మతి చలించిందని మల్లప్ప అనుకున్నాడు. అయినా చెప్పినట్టే చేయించాడు. ఒక్కో మగ్గం దగ్గర ఒకరు తప్పుకుంటూ ఒకరు నిలబడుతూ పాళీ మారింది. అంతా అయిందనుకుంటుండగా మూల మగ్గంలో పోగు తెగి ఆగింది. ఆ మోతలో ఒక్క మగ్గం తగ్గితే ఎవరికి తెలుస్తుంది? గోదావరమ్మకు తెలిసింది. గురక ఆగిందని, బండి దగ్గర కాపలా ఉన్న సారిక కార్ఖానా కిటికీలోంచి చేయి ఊపింది. పెంటప్ప పనివాణ్ణి పక్కకు నెట్టి వంగాడు. తెగిన పోగు పట్టుకోవడం, ముడి వేయడం, మగ్గం కదలడం ఒక్క ఊపిరిలో జరిగిపోయాయి. తండ్రి జాబర్ అని వినాయక్‌కు పుట్టినప్పటినుంచీ తెలుసు. ఎంత జాబరో ఆ పూట కళ్ళారా చూశాడు. చూసి, అక్కడున్న పనివాళ్ళందరికీ మా నాయిన అని, వాళ్ళకు తెలియనట్టుగా, చెప్పుకున్నాడు. బండిలో మళ్ళీ గురక మొదలైంది.

దీపాలు పెట్టే వేళకు గోదావరమ్మ లేచి ఒళ్ళు విరుచుకుంది. తలుపు దగ్గర అందరూ నిలబడి ఉన్నారు. భర్త తల నిండా దూది.

"శాన మంచిగ పట్టింది నిద్ర. గాడి ఇచ్చేది లేదు తమ్మీ," అన్నది.

పాండురంగ్ లబోదిబోమన్నాడు. పందెం చెరువు దగ్గరిదని, ఇది చెల్లదని వాదించాడు. గాడిలో నిద్ర పడితే అన్నానే గాని ఎక్కడ ఆపాలో అనలేదని అక్క కొట్టిపారేసింది. అతను ఇంకో చాయ్ తాగి, తాడు చుట్టుకుని వెళ్ళిపోయాడు. పెంటప్ప కళ్ళు చెమర్చాయి. తుడుచుకుంటే దూది అంటుకుని ఇంకా చెమర్చాయి. కాని ఆయన సంబరం ఎంతోసేపు నిలవలేదు. గోడ పక్కనే నిద్ర పట్టే బండితో సముద్రానికి ఎలా పోవడం? మగ్గాన్ని బండి వెనక కట్టుకుని పోలేరు కదా. ఆ దిగులు గోదావరమ్మే తీర్చింది.

"వినాయకా, సముద్రం చప్పుడు చేస్తదంట గద. రాత్రికి బంద్ పెడ్తరా దాన్ని?"

"లేదవ్వా. పగలు రాత్రి నడుస్తనే ఉంటది."

"అయితే పోదాం పా," అన్నది.

వెళ్ళారు. ఇసుక అంచున బండి ఆపుకుని అందరూ ఒళ్ళు తెలియకుండా నిద్రపోయారు. గోదావరమ్మ మొదటి రోజు సముద్రం చూడనే లేదు, నిద్రలోనే ఉంది. తిరిగొచ్చిన రోజు సందంతా బండి చుట్టూ చేరింది. ఇప్పుడు పెంటప్ప తలుపు తీసి వేసి ఎవరికీ వినిపించలేదు. వీపు నిటారుగా పెట్టి బండి మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. సముద్రం ఎలా ఉందని మల్లప్ప అడిగాడు.

"నడుస్తది మంచిగనే. కని అలకూ అలకూ నడుమ జర ఆగుతది. చూసేతందుకు జాబర్ లేడు," అన్నాడు పెంటప్ప.