ఎదురుచూపుల్లేని ఆసుపత్రి

"ఇకనుంచి రోగి డాక్టరు కోసం ఎదురుచూడడు. డాక్టరే రోగి కోసం ఎదురుచూస్తాడు. ఆ ఇద్దరి మీదా కంప్యూటరు ఓ కన్నేసి ఉంచుతుంది!" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు పెద్దాసుపత్రి గేటు దగ్గర ప్రకటించి మీట నొక్కారు. గేటు మీద పెద్ద స్క్రీను వెలిగింది. అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టాను. ఆ గేటుకు సరిగ్గా ఎదురుగా ఉన్నది నా టీకొట్టు. ఇలాంటి మహత్కార్యాలు జరిగినప్పుడు టీలు బాగా పోతాయి.

ఏర్పాటు చాలా గొప్పది. గేటు దగ్గర రోగికి టోకెను ఇస్తారు. ఇచ్చిన క్షణం నుంచి డాక్టరు నాడి పట్టుకునేదాకా ఎంతసేపు పట్టిందో కంప్యూటరు లెక్కేస్తుంది. తక్కువైతే స్క్రీను పచ్చగా ఉంటుంది. ఎక్కువైతే ఎర్రబడుతుంది. అలాంటి స్క్రీనే మంత్రిగారి ఆఫీసులోనూ పెట్టారు.

మర్నాడు పొద్దున్నే స్క్రీను పండుమిరపకాయలా ఎర్రబడింది. ఆసుపత్రి సూపరింటెండెంటుగారు నా కొట్టులో టీ తాగుతుండగా ఫోను మోగింది. మంత్రిగారి గొంతు కొట్టంతా వినపడింది. ప్రజల మనిషి కదా, ఏదీ గుట్టుగా మాట్లాడరు.

"ఎర్రగా ఉందేంటయ్యా?"

"రోగులొస్తున్నారు సార్."

"ఎందుకొస్తున్నారు?"

"జబ్బు చేసి సార్."

"అందరికీ మనం స్క్రీను పెట్టాకే చేసిందా? ఇది ప్రతిపక్షం కుట్ర. సాయంత్రానికి పచ్చబడాలి!"

సూపరింటెండెంటుగారు పాలనాదక్షులు. ముందు లోపలున్న బెంచీలన్నీ తీయించేశారు. బెంచీ ఉంటే కూర్చోబుద్ధవుతుంది, కూర్చుంటే ఎదురుచూడబుద్ధవుతుంది అని ఆయన సిద్ధాంతం. అయినా స్క్రీను పచ్చబడలేదు. అప్పుడు అసలైన సంస్కరణ తెచ్చారు. డాక్టరు ఖాళీ అయ్యాకే టోకెను. అది చేతికి వచ్చేదాకా మనిషి రోగి కాడు, మామూలు పౌరుడు. పౌరుడు ఎంతసేపు పడిగాపులు పడినా కంప్యూటరుకు పట్టదు.

పౌరులంతా నా కొట్టుకొచ్చి పడ్డారు. వాళ్ల వెనకే ఆసుపత్రి బెంచీలూ వచ్చాయి. మా పేటలో పార్టీ కార్యకర్త ఒకాయన ఉన్నాడు. ఏ సభలోనూ మైకు వదలడు కనుక మైకు మామ అంటాం. టోకెన్ల బాధ్యత ఆయనకు అప్పగించారు. లోపలినుంచి పిలుపు వచ్చినప్పుడల్లా మామ నా కొట్టులోనే కూర్చుని ఫోనులో ఓ పేరు కొట్టి టోకెను ఇచ్చేవాడు. స్క్రీను గరికలా పచ్చబడింది. క్యూలకు కాలం చెల్లిందని పత్రికలు రాశాయి. నా కొట్టులో కూర్చున్నవాళ్లు ఆ పత్రికలు చదువుకుంటూ దగ్గేవాళ్లు.

ఆ పౌరుల్లో మా అత్తగారు కూడా ఉన్నారు. ఆవిడకు ఆయాసం. రోజూ రావడం, గోడకు ఆనుకుని కూర్చోవడం, పొద్దుగూకాక మళ్లీ ఇంటికి పోవడం. మా ఆవిడ ఓర్పు నశించింది.

"మీ కొట్టు సినిమాలా ఆడుతోంది. మా అమ్మకి ఊపిరే ఆడట్లేదు," అంది.

మైకు మామను బతిమాలాను. "మామా, మా అత్తయ్యను కాస్త ముందు పంపవా?"

"మనవాళ్లని ముందు పంపితే అది అవినీతి అల్లుడూ. పార్టీ ఒప్పుకోదు," అని మామ తన బావమరిదికి టోకెను ఇచ్చాడు.

ఇలా ఉండగా కంప్యూటరు ఒక మహారహస్యం కనిపెట్టింది. రోగులందరూ ఒకే చోటినుంచి వస్తున్నారట. ఆ చోటు నా టీకొట్టు.

"పాతకాలంలో అయితే ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చేది," అని మంత్రిగారు విలేకరులకు చెప్పారు. "మన డేటా కూర్చున్నచోటే వ్యాధి మూలాన్ని పట్టేసింది!"

పోలీసులు వచ్చి కొట్టుకు సీలు వేశారు. నేను సూపరింటెండెంటుగారి దగ్గరికి పరిగెత్తాను.

"అయ్యా, వాళ్లు జబ్బుతోనే వచ్చి కూర్చున్నారు. నా దగ్గరికి పంపింది మీరే కదా!"

"నాకు తెలుసోయ్. కంప్యూటరుకి తెలీదు."

"దానికి మీరు చెప్పండి సార్."

"దానికి చెప్పేవాళ్లం కాదయ్యా మనం. అది చెప్తే వినేవాళ్లం."

వ్యాధికి మూలం కొట్టయితే, కొట్టుకు మూలం నేను. కాబట్టి నా కోసం అంబులెన్సు వచ్చి, రోడ్డు ఇవతలినుంచి అవతలికి మోసుకెళ్లింది. దారిలోనే టోకెను ఇచ్చేశారు. చేతికి నా వివరాల గీతలున్న పట్టీ కట్టి మెత్తటి మంచం మీద పడుకోబెట్టారు. నా చుట్టూ డాక్టర్లు మూగారు. గుండ్రాయిలా ఉన్న నన్ను చూసి, జబ్బు ఎంత లోతుగా దాక్కుందో అని ఆశ్చర్యపోయారు.

రోగికి తోడుగా ఒకరిని రానిస్తారు. మా ఆవిడ వాళ్లమ్మను నాకు తోడుగా లోపలికి తెచ్చింది. వాళ్లమ్మ నిలబడలేదని చెప్పి, ఆవిడను పట్టుకోవడానికి తనూ వచ్చింది. అత్తయ్య పెదాలు నల్లబడ్డాయి. మాట రావడంలేదు. అప్పుడు నాలో మంత్రిగారి పట్ల కొంచెం అగౌరవం తలెత్తింది. వెంటనే అణిచేశాను.

"ఇంకా పడుకునే ఉన్నారా! లేవండి," అంది మా ఆవిడ. నేను లేచాను. నా చేతి పట్టీ లాగి వాళ్లమ్మ చేతికి తొడిగింది. అత్తయ్యను ఇద్దరం ఎత్తి మంచం మీద పడుకోబెట్టాం.

డాక్టరు వచ్చి పట్టీని చదివే మిషను పెట్టాడు. "టీకొట్టు యజమాని. పురుషుడు," అంది మిషను. ఆయన అత్తయ్యను చూశాడు, మమ్మల్ని చూశాడు, ఆవిడ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. తర్వాత గుమ్మం వైపు తిరిగి కేకేశాడు.

"సిస్టర్! ఈయనకి వెంటనే ఆక్సిజన్ పెట్టండి!"

అత్తయ్య గట్టెక్కారు. ఇంటికి పంపే రోజు మంత్రిగారు కెమెరాలతో, పూలగుత్తితో వచ్చి, ఫోనులో రోగి వివరాలు చూసి పలకరించారు.

"ఏం తమ్ముడూ, ఎలా ఉంది?"

అత్తయ్య కొంగు సర్దుకుని, "ఊపిరాడుతోంది బాబూ," అన్నారు.

"విన్నారా!" మంత్రిగారు కెమెరాల వైపు తిరిగారు. "చావు నోట్లోంచి లాక్కొచ్చాం. గొంతు కూడా ఎంత మెత్తబడిందో!"

"మీసాలు కూడా రాలిపోయాయి సార్. మందు బాగా పనిచేసింది," అన్నారు సూపరింటెండెంటుగారు.

కొట్టు తాళం యజమానికే ఇస్తామన్నారు పోలీసులు. అత్తయ్యే వెళ్లి వేలిముద్ర వేసి తెచ్చుకున్నారు. ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర ఆవిడే కూర్చుంటున్నారు. నేను గ్లాసులు కడుగుతున్నాను. మైకు మామ కూడా డబ్బులిచ్చే టీ తాగుతున్నాడు.

ఈమధ్య నాకు ఎడమవైపు ఛాతీలో పట్టేసినట్టు ఉంటోంది. మా ఆవిడ పోరు పడలేక గేటు దగ్గరికి వెళ్లాను. గేటు దగ్గరి ఉద్యోగి నా వివరాలు కొట్టి చూసి నవ్వాడు.

"మీకు నయమైపోయింది కదండీ!"

"లేదు బాబూ, నిజంగానే నొప్పిగా ఉంది."

"ఎందుకండీ లేనిపోని అనుమానాలు?" అతను ఆప్యాయంగా స్క్రీను నా వైపు తిప్పాడు. పూలగుత్తి పట్టుకుని అత్తయ్య నవ్వుతున్నారు.

"చూడండి, ఎంత కళగా ఉన్నారో!"